ఖాళీ సమాధి దగ్గర గంటసేపు

మంగళవారం.

పొద్దున ఆరున్నరకే నాయనను వెంటబెట్టుకుని బయల్దేరాను. తీరా పోతే ఐదు నిమిషాల్లో తేలిపోయింది, పని కాదని. ఏ ఆఫీసో ఇక్కడ రాయను. ఆన్‌లైన్‌లో మా మూడెకరాల సర్వే నంబరు ఎదురుగా నాయన పేరు పోయి ఇంకెవరి పేరో వచ్చి కూర్చుంది. "సర్వర్ పనిచేయట్లేదు పెద్దాయనా, సోమవారం రండి" అన్నాడు అక్కడి పిల్లాడు. నాయన ఏమీ అనలేదు. పాసుపుస్తకాన్ని మళ్లీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో గుత్తిలో బస్సు మారాలి. మా బస్సుకు ఇంకా రెండు గంటలుంది. ఉగ్గాని, బజ్జీ తిన్నాక కూడా టైం మిగిలింది. ఎన్నోసార్లు గుత్తి మీదుగా పోయాను, రైల్లోంచి కోటను చూశాను, దిగి చూసింది లేదు. "దొర సమాధి చూసొద్దామా నాయనా?" అన్నాను. "సమాధి చూసేదానికి పని గట్టుకోని పోతారా ఎవరన్నా?" అన్నాడు గానీ, ఆటో మాత్రం ఆయనే పిలిచాడు.

కోట కొండ కిందనే తెల్లవాళ్ల సమాధులు. ఆషాఢం గాలి, కండువా ఎగిరిపోయేంత. నాయన గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి వస్తే ఇంటికి పోయి తలకు పోసుకోవాలట. నేనొక్కడినే వెళ్లాను. సున్నం, ఇటుక, రాయి. కొన్నిటి మీద అక్షరాలు వేలితో తడిమితే తప్ప తెలియవు. ఏ ఊళ్లో పుట్టారో, ఏ జ్వరమొచ్చి పోయారో, ఈ ఎర్రమన్నులో ఉండిపోయారు.

నేను వెళ్లింది థామస్ మన్రో కోసం. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కుంపిణీకి వదిలేశాక ఏడేళ్లు దత్తమండలాల కలెక్టరు. పాలెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరునే పట్టా రాసిన మనిషి. తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాడు. ఇక సొంత దేశం పోదామనుకుంటూ, పోయేముందు ఈ సీమను చివరిసారి చూడాలని వచ్చాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరా పట్టి, ఆ రాత్రికే చనిపోయాడు. గుత్తికి తెచ్చి ఇక్కడ పూడ్చారు.

అసలు సంగతేమిటంటే, ఇప్పుడు ఇందులో మన్రో లేడు. 1831లో ఎముకలు తవ్వి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ ఎందుకొచ్చానంటే చెప్పలేను. ఆయన ఉన్న చోటికి ఒకసారి పోయాను, చెన్నైలో పని ఉన్నప్పుడు. ఏమీ అనిపించలేదు. ఇక్కడ మాత్రం కాసేపు నిలబడ్డాను.

వెనక్కి తిరిగితే నాయన లోపలికి వచ్చేశాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు.

"మాండవ్య ఋషే మళ్లీ పుట్టినాడంటా ఉండ్రి మా జేజి వాళ్లు" అన్నాడు. "మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నోళ్లు మా చిన్నప్పుడు ఉండ్రి."

ఇక ఆగలేదు. మంత్రాలయం మాన్యం సంగతి తేల్చడానికి వెళ్తే రాఘవేంద్రస్వామి ఈయనకొక్కడికే కనపడి మాట్లాడిన కథ. గండి దగ్గర పాపఘ్ని ఏటి మీద బంగారు తోరణం కనపడిన కథ, అది కనపడినవాళ్లు ఎంతోకాలం బతకరట. తిరుమలలో స్వామికి నైవేద్యం పెట్టే మన్రో గంగాళం కథ. నాకు ఇవన్నీ తెలిసిన కథలే. అయినా ఆ రాళ్ల మధ్య నాయన గొంతులో వింటుంటే అడ్డు చెప్పబుద్ధి కాలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాను. ఆ దొర మొదట వేసిన శిస్తు తక్కువేం కాదు, పంటలో సగం దాకా పోయేది. కలెక్టరు పని వదిలి పోతూ పోతూ పాతిక శాతం తగ్గించమని తనే పైకి రాశాడు. "తగ్గిచ్చమని రాసినాడు కదా" అన్నాడు నాయన. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

నాకేమో గుంతకల్లు హంపన్న గుర్తొచ్చాడు. రైల్వే గేటు కాపలాదారు. 1893లో ఇద్దరు ఆడవాళ్ల వెంట తెల్ల సిపాయిలు పడితే అడ్డు నిలబడి, తూటా తగిలి చనిపోయాడు. కాల్చినవాడిని కోర్టు వదిలేసింది. ఈ గుత్తి నుంచే కేశవపిళ్లై అనే వకీలు ఆ కేసు కోసం గొంతెత్తాడు. దొర పేరు మన పిల్లలకు పెట్టుకున్నాం. హంపన్న అని ఎవరి పేరైనా వింటే మాత్రం ఆ గేటు కాపలాదారు ఎంతమందికి గుర్తొస్తాడు? నాయనతో అనలేదు. ఆయన అప్పటికి రాతి నీడలో కూర్చుని పాసుపుస్తకం తీసి పేజీలు తిప్పుతున్నాడు.

"గుర్రం మీద తిరిగి రాసుకున్నాడు ఆ దొర. వీళ్లకు కంప్యూటర్ ఇచ్చినా నా పేరు రాయలేకపోయిరి" అన్నాడు. నవ్వాడా, కోపమా, అర్థం కాలేదు.

పరిగెత్తినట్టే పోయి బస్సు పట్టుకున్నాం. దారంతా మైల గురించే చర్చ. "ఎముకలు మద్రాసులో ఉంటే ఇంక మైలెక్కడిది నాయనా?" అంటాను నేను. "ఆయన ఒక్కడేనా ఆడుండేది, మిగతా వాళ్లందరూ ఉన్నారు కదా" అంటాడు ఆయన. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇల్లు చేరేసరికి మూడయింది. నాయన గడప దాటకుండా పెరట్లోకి తిరిగి, తొట్టి దగ్గర చెంబు అందుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి చూసి ఒక్క పరుగున వచ్చింది. "అయ్యో, ఎవురు పోయినారు?"

"ఎవురూ లేదులే" అన్నాడు నాయన నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటూ. "ఆయప్ప పోయి రెండొందల ఏండ్లయింది. సోమవారం మళ్లీ పోవాల."

"మళ్లీ సమాధుల కాడికా?" అంది అమ్మ.