నీలిగుండం దగ్గర అమ్మ

మే 17, 2025, శనివారం. ఉల్మ్, జర్మనీ.

పొద్దున లేచేసరికి అమ్మ వంటింట్లో కెటిల్ తోముతోంది. నానబెట్టిన చింతపండు లోపలంతా పట్టించి, కాసేపు వదిలేసి, పీచుతో రుద్దుతోంది. నెలల తరబడి అడుగున పేరుకున్న తెల్లటి పొర పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తోంది. "ఈడ కూడా సున్నం నీళ్లేనా నాయనా? అచ్చం మన బిందెల మాదిరే ఉంది" అంది.

అమ్మ వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ చర్చికి, అంగళ్లకు, పార్కులకు తిప్పాను. అన్నిటికీ "బాగుంది నాయనా" అంటుంది, కాసేపటికే ఇంటికి పోదామంటుంది. ఈ దేశంలో తనకు బాగా తెలిసిన వస్తువు ఒకటి ఇవాళే మొదటిసారి కనిపించింది, అదీ కెటిల్ అడుగున. ఆ సున్నం వచ్చే కొండల్నే చూపిద్దామనిపించింది. చిత్రాన్నం డబ్బాలో పెట్టుకుని బయల్దేరాం.

మాది కొలిమిగుండ్ల దగ్గర పల్లె. ఇంటి నేల నాపరాయి, ప్రహరీ నాపరాయి, బర్రెల తొట్టి నాపరాయి. నాన్న బతికినంత కాలం పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. అమ్మకు రాయి అంటే ఆ పొడే గుర్తొస్తుంది.

ఉల్మ్ నుంచి బ్లౌబోయ్‌రన్‌కి రైల్లో పావుగంట. బ్లౌ అనే చిన్న ఏటి వెంబడే పట్టాలు పోతాయి. ఒకప్పుడు ఈ లోయలో పారింది డాన్యూబ్ నది. అది దారి మార్చుకుని పక్కకు జరిగాక ఇంత వెడల్పు లోయ ఈ చిన్న ఏటికి మిగిలింది. రెండు వైపులా బీచ్ చెట్ల పచ్చదనంలోంచి తెల్లటి బండలు నిటారుగా పైకి లేచి ఉంటాయి. అమ్మ కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తూ, "నాపరాయేనా?" అంది. ఆ జాతి రాయేనని, పదిహేను కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకుందని, మన రాయి దీనికంటే చాలా చాలా పాతదని చెప్పాను. మన రాయే పాతదన్న మాట అమ్మకు నచ్చింది.

స్టేషన్ నుంచి ఊరు దాటి, పాత క్రైస్తవ మఠం గోడ పక్కగా తిరిగితే చెట్ల కింద ఉంటుంది బ్లౌటోఫ్. బ్లౌ అంటే నీలం, టోఫ్ అంటే కుండ. అమ్మ గట్టు మీద కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. నేనూ ఏమీ మాట్లాడలేదు.

ఆ నీలం ఆకాశం నీడ కాదు. నేను మబ్బు పట్టిన రోజుల్లోనూ చూశాను, అలాగే ఉంటుంది. బకెట్ నీళ్లలో నీలిమందు వేసి ఇంకా కలపకముందు నడిమధ్యన చిక్కగా కనిపిస్తుందే, ఆ రంగు. అంచుల్లో అడుగున నాచు కనిపించేంత పలచగా, కాస్త పచ్చగా మొదలై, లోపలికి పోయేకొద్దీ ముదురుతుంది. నీళ్లు కదులుతున్నట్టే ఉండవు. అమ్మ ఒక ఎండుటాకును చూపించింది. నడిమధ్య తేలుతున్న ఆ ఆకు గాలి లేకపోయినా నెమ్మదిగా ఒక పక్కకు తిరిగి, కట్ట వైపు సాగి, అక్కడికి చేరేసరికి వేగం అందుకుని, నీళ్లతో పాటు కిందికి దూకేసింది.

"ఊట ఉంది లోపల" అంది అమ్మ. "కుండ కాదురా ఇది, గుండం."

అంత సరైన మాట నాకు ఎనిమిదేళ్లుగా తట్టలేదు. మహానందిలో బ్రహ్మగుండం, విష్ణుగుండం ఉన్నట్టు ఇది నీలిగుండం. నా చిన్నప్పుడు మహానంది కోనేట్లో నాన్న నన్ను భుజాల మీద నిలబెట్టుకునేవాడు. అడుగున పడ్డ రూపాయి బిళ్ల మీది అంకె కూడా కనిపించేంత తేట నీళ్లు. అయితే ఆ కోనేట్లో మనిషి నిలబడొచ్చు. ఇది గరాటులా లోపలికి పోతూ 21 మీటర్ల లోతుంది. దిగనివ్వరు కూడా. వేసవిలోనూ చలికాలంలోనూ నీళ్లు ఇంచుమించు ఒకే చల్లదనం, 9 డిగ్రీల దగ్గర.

కట్ట దాటాక ఏటి ఒడ్డున వంగి అమ్మ దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. దోసిట్లో నీలం లేదు. చేతి గీతలు కనిపిస్తున్నాయి. అటు గుండం వైపు ఒకసారి, ఇటు దోసిట్లోకి ఒకసారి చూసి, "రంగు యాడికి పోయింది?" అంది. సున్నపురాయి లోంచి కరిగి వచ్చిన మహా సన్నటి రేణువులు ఈ నీళ్లలో ఉంటాయి, నీరు లోతుగా ఉన్నచోట అవి వెలుతురులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, దోసెడు నీళ్లలో ఆ లోతు ఉండదు అని వివరించాను. పెద్ద వాన పడితే మట్టి కలిసి ఇదే గుండం పచ్చగానో గోధుమ రంగులోనో కనిపిస్తుంది. కొన్నాళ్లుగా గట్టి వాన లేదు, అదీ మా అదృష్టం.

బెంచీ మీద కూర్చుని చిత్రాన్నం తింటూ ఇక్కడి లెక్కలు చెప్పాను. సెకనుకు సగటున రెండు వేల లీటర్లకు పైనే నీళ్లు ఈ గుండంలోంచి పైకి వస్తాయి. అమ్మ ముద్ద ఆపి, "మన వీధికొచ్చే ట్యాంకరు?" అంది. ఐదు వేల లీటర్ల ట్యాంకరు రెండు మూడు సెకన్లలో నిండిపోతుంది. ఆ ట్యాంకరు కోసం అమ్మ ఎన్ని పొద్దులు బిందెలు వరసలో పెట్టుకుని నిలబడిందో నేను కళ్లారా చూశాను. చాలాసేపు తను గుండం వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇన్ని నీళ్లున్న చోట, పైనున్న పీఠభూమి ఊళ్లు మాత్రం నీటికి అల్లాడాయి. సున్నపురాయి వాన నీటిని నిలవనివ్వదు. ప్రతి చుక్కా పగుళ్లలోంచి కిందికి జారిపోయి, చీకట్లో కిలోమీటర్ల కొద్దీ పారి, ఇలాంటి చోట తేలుతుంది. పైన జనం వాన నీళ్లు గుంటల్లో పట్టుకుని, పశువులతో పాటు వాటితోనే గడిపేవాళ్లు. ఎండాకాలం లోయలోకి బండ్లు కట్టుకుని దిగి నీళ్లు మోసుకెళ్లేవాళ్లు. లోయలో నీటి చక్రంతో నడిచే పంపు పెట్టి గొట్టాల్లో పైకి ఎక్కించాక 1871లో పక్కనున్న యుస్టింగెన్ అనే ఊరికి మొదటిసారి నీళ్లు అందాయి. ఇంజినీరు పేరు కార్ల్ ఏమన్. ఇది విన్నాక అమ్మ ఆయనకు దణ్ణం పెట్టుకుంది. నాకైతే గుండం రంగు కంటే ఈ కథే పెద్దది. రంగును చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆ గొట్టాల సంగతి మాత్రం పైన పుట్టిపెరిగిన మా ఆఫీసు కొలీగ్ చెబితేనే నాకు తెలిసింది.

గుండం అడుగున పెద్ద గుహ ఉంది. 1985లో యోఖెన్ హాజెన్‌మాయర్ అనే గజ ఈతగాడు నీటి కింద 1,250 మీటర్లు ఈదుకుంటూ పోయి, గాలి ఉన్న ఒక పెద్ద గదిలాంటి చోట తేలాడు. ఆ తర్వాత ఇంకా ముందుకు పోయారు, ఇప్పటికి పది కిలోమీటర్లకు మించి కొలిచారు. ఇది చెబుతుంటే అమ్మ మధ్యలో అందుకుంది: "మన బెలుం గుహల్లోకి దిగింది కూడా జర్మనీ వాళ్లే కదా?"

నిజమే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త 1884లో ఆ గుహల్ని నమోదు చేశాక దాదాపు వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 83ల్లో డేనియల్ గెబవర్ అనే జర్మన్ గుహాన్వేషకుడు తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచి పటాలు గీశాడు. అప్పుడు అమ్మకు పంతొమ్మిదేళ్లు. చేలో వేరుశనగ పీకుతుంటే తలకు దీపాలు కట్టుకున్న తెల్లవాళ్లు తాళ్లు మోసుకుంటూ పోవడం చూసిందట. పిచ్చోళ్లనుకున్నారట అందరూ. ఇంతకాలంలో నాకెప్పుడూ చెప్పలేదు! "అప్పుడు మా జేజి వాళ్లకు మజ్జిగ ఇచ్చింది. ముంతెడు తాగేసినారు" అంది.

గుండం పక్కనే నీటి చక్రంతో నడిచే పాత కమ్మరి కొలిమి ఉంది, చూశాం. మ్యూజియంలో దాదాపు నలభై వేల ఏళ్ల కిందట మామత్ అనే, ఇప్పుడు లేని ఏనుగు జాతి దంతంతో చెక్కిన, వేలెడంత స్త్రీ బొమ్మ ఉంది. 2008లో పక్కనున్న హోలె ఫెల్స్ గుహలో దొరికింది. తల ఉండాల్సిన చోట చిన్న రింగు ఉంటుంది. "మెళ్లో కట్టుకునే అమ్మోరు" అని అమ్మ ఒక్కమాటలో తేల్చేసింది.

సాయంత్రం ఉల్మ్‌లో దిగాక తిన్నగా ఇంటికి పోలేదు. బ్లౌ ఏరు మా ఊళ్లోనే డాన్యూబ్‌లో కలుస్తుంది. పాత జాలరి పేటలోని చిన్న వంతెన మీద నిలబడ్డాం. "పొద్దున మనం చూసిన నీళ్లు ఈపాటికి వచ్చుంటాయా?" అంది అమ్మ. వస్తూ ఉంటాయన్నాను. ఆకు కోసం వెతికింది. ఏవో ఆకులు పోతూనే ఉన్నాయి.

బెలుం గుహల్లో, అట్టడుగున పాతాళగంగ అని ఒక చిన్న ధార కనిపించి అక్కడే మాయమవుతుంది. ఆ నీళ్లు ఊరి బావిలో తేలతాయని అమ్మ చిన్నప్పటి నుంచీ విన్నది. చెంబు ముంచగానే చేతికి ఐసులా తగిలేదట, ఎండాకాలంలో కూడా.

"ఈసారి వచ్చినప్పుడు ఆ బావి చూపిస్తా" అంది.