హార్మోన్లు, అన్నయ్యగారు, నాన్నగారు

రాత్రి భోజనాల దగ్గర చిన్నాడపడుచు పడుతున్న దిగులు మాట రాగానే, అన్నయ్యగారు పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ "హార్మోన్లమ్మా, ఆడవాళ్ళకు మామూలే" అని తేల్చేశారు. పదకొండు దాటినా ఆ "మామూలే" నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఒత్తిడికి ఊరే కార్టిసాల్ అనే హార్మోను ఆయన ఒంట్లోనూ ఉంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు బాగా పెరిగి, రాత్రికి తగ్గడం దాని తీరు. 2014లో వెలువడిన కేంబ్రిడ్జ్ పరిశోధనలో కౌమార వయసు పిల్లల ఉదయపు లాలాజలంలో దాన్ని కొలిచారు. కార్టిసాల్ ఎక్కువగా ఉండి, దిగులు లక్షణాలు కూడా కనిపించిన మగపిల్లలకు, ఆ రెండూ లేనివారితో పోలిస్తే తీవ్రమైన డిప్రెషన్ వచ్చే అవకాశం 14 రెట్లని, అదే స్థితిలో ఉన్న ఆడపిల్లలకు 4 రెట్లేనని తేలింది. అంటే ఈ హార్మోను విషయంలో ముందుగా ఉలిక్కిపడవలసినది మగపిల్లల తల్లిదండ్రులే.

మిల్లు మూతపడిన ఏడాది మా నాన్నగారు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, వరండాలో పేపరు మొదటి పేజీ తెరిచి, ఎండ ముఖాన పడేవరకూ ఆ పేజీ తిప్పకుండా కూర్చునేవారు. కూరలో ఉప్పు తగ్గిందని కంచం తోసేసేవారు. అమ్మ మెతుకులు ఏరుకుంటూ "మగాడు, ఉద్యోగం పోతే కోపం రాదా?" అనేది. ఆయనను కోపిష్టి అన్నవారే తప్ప, హార్మోన్ల మాట ఎత్తినవారు ఒక్కరూ లేరు.

ఇంత రాశాక అన్నయ్యగారి మీద కోపం సగం చల్లారింది. డిప్రెషన్ స్త్రీలలో పురుషులకంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుందని, ఆ తేడా యుక్తవయసులోనే మొదలవుతుందని నాకూ తెలుసు కనుక, ఆయన మాట పూర్తిగా అబద్ధమని అనలేను. అయితే ఒక్క కార్టిసాల్‌తో లెక్క తేలని ఆడపిల్ల దిగులుకు మిగిలిన కారణాలు వెతకవలసిన చోట, ఆయన నెయ్యి గిన్నె అందుకున్నారు.

సాయంత్రం చిన్నాడపడుచు ఫోనులో ఒకసారి నవ్వింది, అది బాగుంది. శుక్రవారం మానసిక వైద్యుని దగ్గరకు నేనే తీసుకువెళుతున్నాను. అత్తగారితో మాత్రం థైరాయిడ్ పరీక్షకని చెప్పాను. హార్మోను పేరు చెబితే ఆవిడే కారు ఏర్పాటు చేస్తారు.