మామయ్య బొటనవేలు

పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం పొద్దుటి సంగతి రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఈరోజు మామయ్యను లైఫ్ సర్టిఫికెట్ కోసం, అంటే పెన్షన్ తీసుకునే మనిషి బతికే ఉన్నాడని ఏటా చూపించే కాగితం కోసం, తీసుకెళ్లాను. మా ఆయనకు సెలవు దొరకలేదు, ఎప్పటిలాగే. మామయ్య గురించి మీకు తెలిసిందే కదా, ఎక్కడికి వెళ్లాలన్నా గంట ముందే తయారు. ఏడున్నరకల్లా తెల్లచొక్కా వేసుకుని, పెన్షన్ కాగితం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు.

ఆటో చౌరస్తా దాకా వెళ్లి ఆగిపోయింది. కానిస్టేబుళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని నిలబడ్డారు. ఎవరో మంత్రిగారు వస్తున్నారట. ఐదు నిమిషాలన్నది ఇరవై ఐదు నిమిషాలైంది. మామయ్యకు షుగర్. ఎక్కువసేపు ఆపుకోలేరు. ఆ మాట కోడలితో చెప్పలేరు. ఆటో కడ్డీని పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఆ పట్టులోనే నాకు అర్థమైంది. దింపి తీసుకెళ్దామంటే ఎటు చూసినా బండ్లే. చివరికి కాన్వాయ్ వచ్చింది. లెక్కపెట్టాను, పదకొండు కార్లు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. మేం అక్కడ ఆగి ఉన్నామన్న సంగతి లోపల ఉన్నవాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

తాడు తీసీ తీయగానే పక్కనున్న హోటల్‌కు తీసుకెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన ఏమీ అడగకుండా వెనక వైపు చూపించాడు. ఆయనకు దండం పెట్టాలనిపించింది.

ఇక సెంటర్లో వేలిముద్ర పడలేదు. బొటనవేలు పెట్టించారు, చూపుడువేలు పెట్టించారు, పది వేళ్లూ అయ్యాయి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించారు. మామయ్య ఇరవై ఎనిమిదేళ్లు స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల దగ్గర తెగిన పోగులు అతికిన మనిషి. ఆ వేళ్ల మీద గీతలు ఇంకెక్కడుంటాయి? అక్కడి కుర్రాడు విసుక్కోలేదు పాపం, "రేపొకసారి రండి తాతా" అన్నాడు. మామయ్య ఏమన్నారో తెలుసా? "తప్పు నాదే బాబూ, నా వేలే బాగాలేదు" అన్నారు.

రోజంతా నన్ను తొలుస్తున్నది ఆ మాటే.

ఇదంతా నెలకు 1,340 రూపాయల కోసం. ఈపీఎస్ పెన్షన్, అంటే పీఎఫ్ కింద కార్మికులకు వచ్చే పెన్షన్. ఈ పథకంలో కనీసం వెయ్యి రూపాయలు ఇవ్వాలని 2014 సెప్టెంబరులో పెట్టారు. మామయ్యకు అంతకంటే మూడు వందల నలభై ఎక్కువే వస్తోంది గనుక అప్పుడు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. రిటైరైన నాడు ఎంతో ఈనాడూ అంతే.

మధ్యాహ్నం కోపంతో కూర్చుని ఎంపీల జీతభత్యాలు తీసి చదివాను. 2025 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్‌తో జీతం నెలకు లక్ష నుంచి లక్షా 24 వేలైంది, అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. పెన్షన్ 25 వేల నుంచి 31 వేలకు చేరింది. ఐదేళ్లు దాటి చేసినవాళ్లకు ప్రతి అదనపు ఏడాదికీ ఇంకో 2,500. సమావేశాలప్పుడు రిజిస్టరులో సంతకం పెడితే రోజుకు 2,500 భత్యం. మామయ్య నెల పెన్షన్ దానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఏడాదికి 34 విమాన ప్రయాణాలు, 50 వేల యూనిట్ల కరెంటు ఉచితం. మన తెలంగాణలోనైతే 2016లో ఎమ్మెల్యేలకు నెలకు రెండున్నర లక్షలు చేసుకున్నారు. అన్నీ తీసేయాలి, ఒక్కటీ ఉంచకూడదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

తర్వాత వంట చేస్తుంటే నాన్న జీపు గుర్తొచ్చింది.

నాన్న డ్రైవరుగా చేసిన రోజుల గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను గానీ ఈ ముక్క రాయలేదు. ఒక అధికారి ఉండేవాడు. ఆయన ఇంట్లో కూరగాయలకూ జీపే, సినిమాకూ జీపే, పెళ్లిళ్లకూ జీపే. లాగ్‌బుక్‌లో మాత్రం 'గ్రామ పర్యటన' అని రాయమనేవాడు. నాన్న రాసేవాడు, ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆ ఆఫీసులో అటెండరు నుంచి గుమాస్తా దాకా ఎవరికి అందింది వాళ్లు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. అడిగేవాళ్లెవరు?

తర్వాత ఇంకో సారు వచ్చారు. సన్నగా, చేతిలో ఎప్పుడూ గొడుగుతో ఉండేవారు. వచ్చిన వారానికే వాళ్లమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చి జీపు వాడారు. తిరిగొచ్చాక లాగ్‌బుక్ తెప్పించుకుని, 'సొంత పని' అని తన చేత్తో రాసి, కిలోమీటర్ల లెక్కన డబ్బు కట్టి రసీదు తీసుకున్నారు. నాన్న ఆ రోజు ఇంటికి పరుగెత్తినంత పనిగా వచ్చి అమ్మకు చెప్పాడు. ఆఫీసులో ఎవరికీ ఆయన ఒక్క మాట చెప్పలేదట. అయినా నెల తిరిగేసరికి తెల్లకాగితాలు, పెన్నులు ఇళ్లకు పోవడం ఆగిపోయిందని నాన్న అనేవాడు.

ఆ ఏడాదే నా ఏడో తరగతి పరీక్షలు. లెక్కల పరీక్ష రోజు కుండపోత. జీపు మా ఇంటి ముందే ఉంది, ఖాళీగా. నాన్న తాళం జేబులో వేసుకుని "నడువమ్మా" అన్నాడు. అమ్మ గొడవపెట్టుకుంది. పాత సారు హయాంలో అయితే పిల్లను దింపేవాడివి కదా అంది. నాన్న మాట్లాడలేదు. నేను ఏడుస్తూ బయల్దేరాను. కాలువ గట్టు దాకా వెళ్లేసరికి ముందు ఇంకో పిల్ల, నెత్తిమీద పరీక్ష అట్ట పెట్టుకుని నడుస్తోంది. ఆ సారు కూతురు. నా క్లాసే. ఆ పిల్ల కూడా తడిసి ముద్దయింది. నాన్న మీద కోపం అక్కడికక్కడే పోయింది. ఇద్దరం కలిసి పరుగెత్తాం. నాకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో గుర్తులేదు గానీ ఆ పరుగు బాగా గుర్తుంది.

కూర మాడింది ఈలోపు. సరే.

అది గుర్తొచ్చాక మధ్యాహ్నం అనుకున్న మాట మీద నాకే నమ్మకం పోయింది. సౌకర్యాలన్నీ తీసేస్తే ఎవరొస్తారు? సొంత కార్లు, సొంత కంపెనీలు ఉన్నవాళ్లే. ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి, బస్సులో, సైకిల్ మీద తిరిగిన గుమ్మడి నర్సయ్యగారిలాంటి మనిషి జీతం లేకపోతే ఎలా నిలబడతాడు? పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారని చెప్పుకుంటాం. గొప్ప సంగతే. కానీ ఇవాళ్టి ఎంపీ ఒక నియోజకవర్గంలో ఏడు అసెంబ్లీ స్థానాలు తిరగాలి, కారు ఉండాల్సిందే. 2017 మే ఒకటి నుంచి ఎర్రబుగ్గలు తీసేశారు, 2020లో కరోనా అని ఎంపీల జీతం ఏడాదిపాటు 30 శాతం తగ్గించారు, 2021లో పార్లమెంటు క్యాంటీన్ సబ్సిడీ ఆపేశారు. అవి మంచి పనులే. కాదనను.

నాకు మంటగా ఉన్నది వేరే చోట. 2018లో ఒక ఏర్పాటు చేశారు. ఎంపీల జీతం, భత్యం, పెన్షన్ ప్రతి ఐదేళ్లకూ ధరల సూచీని బట్టి వాటంతటవే పెరుగుతాయి. ధరలు పెరిగితే బతకడం కష్టమని వాళ్లకు తెలుసన్నమాట. చట్టంలోనే రాసుకున్నారు. మరి అదే ఉప్పూపప్పూ మామయ్య కూడా కొంటున్నారు కదా. ఆయన పెన్షన్‌కు ఆ సూచీ ఎందుకు లేదు? వాళ్లకు 31 వేలు ఉండనివ్వండి. మిల్లు కార్మికుడి పెన్షన్ పెరిగిన రోజునే మా పెన్షనూ పెరుగుతుంది, అంతకుముందు వద్దు అని ఒక్కరు లేచి అంటే చాలు. 1965లో దేశాన్ని ఒక పూట భోజనం మానమని అడిగే ముందు అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు తన ఇంట్లో మాన్పించి చూశారు. అంత పెద్ద పని కూడా కాదు నేను అడిగేది.

రాత్రి ఎనిమిదిన్నరకు చిన్నోడు ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి కూడా ఉందని కనిపెట్టాడు. మామయ్యను ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెట్టి "తాతా, కళ్లు ఆర్పు" అన్నాడు. ఆయన గట్టిగా రెండు కళ్లూ మూసి తెరిచారు. మూడోసారికి పనైపోయింది. వేలితో పని లేదా అని నాలుగుసార్లు అడిగారు. లేదు మామయ్యా అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు వేళ్లవైపే చూసుకున్నారు.

గొడుగు సారు పేరు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. రేపు పొద్దున అమ్మకు ఫోన్ చేసి అడగాలి.