జాక్సన్స్ మూల దగ్గర

మేం రెడింగ్ వచ్చింది 2010లో. లండన్‌కి పడమటగా, రైల్లో అరగంట దూరం. ప్రాజెక్టు రెండేళ్లే అన్నారు, అందుకే మొదట్లో ఊరిని పెద్దగా పట్టించుకోలేదు. స్టేషను, ఆఫీసు, ఆక్స్‌ఫర్డ్ రోడ్డులో కూరగాయలు, అంతే.

ఊరిని నిజంగా చూసింది 2013 ఆగస్టులో, పాపకి బడి యూనిఫాం కొనడానికి జాక్సన్స్‌కి వెళ్లినప్పుడు. కింగ్స్ రోడ్డు మూల మీద, 1875 నుంచీ ఉన్న బట్టల కొట్టు అది. కౌంటరు దగ్గర ఆవిడ నా ఇరవై పౌండ్ల నోటునీ బిల్లునీ మడిచి చిన్న గుండ్రటి డబ్బాలో పెట్టి, మూత బిగించి, గోడ మీది పైపులోకి తోసింది. సుయ్‌మని గాలి దాన్ని లాక్కుపోయింది. ఎక్కడో లోపల కూర్చున్న క్యాషియర్ లెక్క చూసి చిల్లర పంపాలట. రెండు నిమిషాలకి ఠక్కుమని డబ్బా తిరిగొచ్చి పడింది. పాప పైపుకి చెవి ఆనించి, "నాన్నా, ఇంకోటి కొను" అంది. ఇంకో జత సాక్సులు కొన్నాను.

ఆ డిసెంబరులోనే, క్రిస్మస్ ముందు రోజు, జాక్సన్స్ మూతబడింది. నూట ముప్ఫై ఎనిమిదేళ్ల కొట్టు. నాకంత బాధ ఎందుకేసిందో అప్పుడు అర్థం కాలేదు. వచ్చి మూడేళ్లే కదా, ఇది మన ఊరు కూడా కాదు కదా.

తర్వాత్తర్వాత తెలిసింది, ఈ ఊళ్లో సగం పేర్లు ఇప్పుడు లేని వాటివేనని. జాన్ లూయిస్ అనే పెద్ద షాపుని పెద్దవాళ్లు ఇప్పటికీ హీలస్ అనే అంటారు. ఒరాకిల్ అంటే మాలాంటి ఐటీ వాళ్లకి డేటాబేస్. ఇక్కడ అది 1999లో తెరిచిన షాపింగ్ మాల్. ఆ పేరేమో 1850లో కూల్చేసిన ఒక పాత కట్టడానిది. జాన్ కెండ్రిక్ అనే బట్టల వర్తకుడు చనిపోతూ ఇచ్చిన డబ్బుతో, పని లేని నేతగాళ్లకి పని కల్పించడానికి 1620లలో కట్టించారు దాన్ని. మాల్ కట్టక ముందు ఆ పక్కనే సైమండ్స్ బీరు ఫ్యాక్టరీ ఉండేది. అదీ పోయింది. మాల్ మొదలైన రోజు నుంచీ ఉన్న డెబెనమ్స్ షాపు కూడా 2021లో మూతబడింది.

అన్నిటికన్నా పెద్ద లోటు బిస్కెట్లది. 1822లో జోసెఫ్ హంట్లీ లండన్ స్ట్రీట్‌లో చిన్న కొట్టు పెట్టి, గుర్రపు బళ్ల ప్రయాణికులకి బిస్కెట్లు అమ్మేవాడు. అవి దారిలో విరిగిపోకుండా కొడుకు రేకు డబ్బాలు చేసిచ్చాడు. హంట్లీ అండ్ పామర్స్‌గా మారిన ఆ కంపెనీ ఆ డబ్బాలతోనే ప్రపంచమంతా తిరిగింది, మన దేశానికీ వచ్చింది. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టుని ఒకప్పుడు బిస్కెట్‌మెన్ అనేవాళ్లు. 1976లో రెడింగ్‌లో తయారీ ఆపేశారు. అంత పెద్ద ఫ్యాక్టరీలో ఇప్పుడు కెన్నెట్ నది ఒడ్డున మిగిలింది ఒక్క భవనం. మా పక్కింటి పెద్దావిడ చిన్నప్పుడు గాలి ఇటు మళ్లితే వీధంతా బిస్కెట్ల వాసనేనట. చెబుతూ ఆవిడ కళ్లు మూసుకుని ఊపిరి పీల్చింది. టౌన్‌హాల్ మ్యూజియంలో ఆ డబ్బాలు వరసగా పెట్టారు, వెళ్లినప్పుడల్లా చూస్తాను. వాసన మాత్రం ఆవిడ దగ్గరే ఉంది.

మా ఊళ్లో సినిమా హాలు పడగొట్టి కల్యాణ మండపం కట్టి పదేళ్లు దాటింది. ఆటోవాళ్లు ఇంకా హాలు సెంటరనే అంటారు. ఇక్కడా అంతే. జాక్సన్స్ గోడలున్నాయి, లోపల ఫ్లాట్లు వచ్చాయి, ఆ మలుపు మాత్రం జాక్సన్స్ మూలే. పాప ఇప్పుడు పెద్ద క్లాసులకొచ్చింది. స్నేహితుల్ని కలవాలంటే అక్కడికే రమ్మంటుంది.

మొన్న గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఇంటికి భోజనానికి వస్తూ దారి అడిగాడు. జాక్సన్స్ దగ్గర బస్సు దిగమన్నాను. పావుగంటకి ఫోను.

"అన్నా, ఇక్కడ జాక్సన్స్ అనే షాపే లేదు. మ్యాపులో కూడా రావట్లేదు."

"నువ్వు నిలబడ్డదే జాక్సన్స్‌రా. అక్కడే ఉండు, వస్తున్నా" అని చెప్పులేసుకున్నాను.