వెంకటాపురం నుంచి శ్రీశైలానికి, అడవి దారిన

శ్రీశైలం అంటే మా ఇంట్లో ఎప్పుడూ దోర్నాల ఘాట్ రోడ్డే: బస్సు, వాంతులు, చేతిలో నిమ్మకాయ. ఈసారి ఉగాది ముందు నేనూ మా బావా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల గుండా నడిచి వెళ్లాం. దారి 40 కిలోమీటర్లు దాటుతుంది. పులుల అభయారణ్యం కాబట్టి మామూలు రోజుల్లో అటవీశాఖ వాళ్లు పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం వదులుతారు.

బయల్దేరేసరికి చుట్టూ అంతా కన్నడమే. బాగల్‌కోట, విజయపుర, బెళగావి వైపు నుంచి ఇంటి దగ్గర్నుంచే నడిచొచ్చిన జనం. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అందుకే పండక్కి చీర, పసుపు కుంకుమ పుట్టింటి సారెగా తెస్తారు. కొందరి భుజాల మీద కంబి, అంటే మల్లయ్య కావడి, ఉంది. కొందరైతే కర్రకాళ్ల మీదే నడుస్తున్నారు! నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటాక ఎక్కుడు మొదలైంది. నేను రొప్పుతుంటే ఒక అవ్వ, "నడి తమ్మా, మల్లయ్య కరకొండ హోగ్తాన" (నడు తమ్ముడూ, మల్లయ్యే తీసుకుపోతాడు) అంటూ నన్ను దాటి పోయింది. కాళ్లకు చెప్పుల్లేవు.

అడవి కదా, నీడ ఉంటుందనుకుంటాం. ఆ రోజుల్లో నల్లమల ఆకు రాల్చి ఉంటుంది. టేకు చెట్లు మరీ బోడివి. వెదురు పొదలు కనిపిస్తే చాలు, జనం కిందికి దూరతారు. వాగుల్లో రాళ్లే తప్ప నీళ్లుండవు. తాగేది ట్యాంకర్లతో తెచ్చి పోసిన నీళ్లే. తిండికి మాత్రం లోటు లేదు. దారి పొడవునా అన్నదానం పందిళ్లు, మజ్జిగ. ఎక్కువ మోసుకుపోయినవాళ్లు సంచుల్లోవి తోటివాళ్లకు పంచేస్తున్నారు.

రాత్రికి పెద్దచెరువు దగ్గర పడుకున్నాం. అక్కడ చెంచుల గూడెం ఉంది. వాళ్ల కథలో శివుడు వేటకొచ్చి చెంచు పిల్లను పెళ్లాడాడు, చెంచు మల్లయ్య అయ్యాడు. అంటే వాళ్లకూ అల్లుడే. ఒక్క దేవుడికి ఎన్ని అత్తారిళ్లో!

అసలు పరీక్ష భీముని కొలను. దారి ఉన్నట్టుండి పెద్ద లోయలోకి దిగిపోతుంది, మళ్లీ అవతలి గట్టు నిలువునా ఎక్కాలి. దిగుడే కష్టం. మెట్లు ఎగుడుదిగుడు రాళ్లు, జనం పాదాలకు అరిగి నున్నబడ్డాయి. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అంటారు. ఆయన ఏలింది 14వ శతాబ్దంలో. ఘాట్ రోడ్డు లేని కాలంలో ఇలాంటి కాలిబాటలే శ్రీశైలానికి రాజమార్గాలు. మా జిల్లాలోనే ఉన్న దారి మాకు తెలియదు. ఏటేటా వచ్చే ఆ కన్నడ జనమే లేకపోతే ఈపాటికి ముళ్లకంపల్లో కలిసిపోయి ఉండేది.

ఎక్కేటప్పుడు నిటారుగా కాకుండా మెట్టు ఈ కొస నుంచి ఆ కొసకు ఏటవాలుగా అడుగేయమని ఒకాయన చెప్పాడు. దూరం పెరుగుతుంది గానీ ఊపిరి అందుతుంది. నాకు పనికొచ్చిన సలహా అదొక్కటే. "ఇంకెంత దూరం" అని అడిగితే మాత్రం అందరూ "ఇదుగో, వచ్చేసింది" అనే అన్నారు, రెండు గంటల పాటు.

కైలాసద్వారం చేరాక అడవి దారి అయిపోయినట్టే. అక్కణ్నుంచి హాటకేశ్వరం మీదుగా గుడి దాకా తేలికే. మా బావ మాత్రం అక్కడే జీపెక్కేశాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు నా మాట: ఎండకు తాళలేని వాళ్లయితే ఉగాదికి కాదు, శివరాత్రికి వెళ్లండి. పాత చెప్పులే వేసుకోండి, కొత్త బూట్లు వద్దు. టార్చిలైటు, ఓఆర్ఎస్ పొట్లాలు, తువ్వాలు చాలు. ప్లాస్టిక్ సీసాలు అడవిలో పారేయకండి. గుడి దగ్గర దర్శనం క్యూలో నిలబడటానికి కూడా కాస్త ఓపిక మిగుల్చుకోండి, పండగ రోజుల్లో అది ఇంకో యాత్ర.