రైలెక్కనందుకు 15 శాతం కోత

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి జీతం తగ్గించాలా వద్దా అన్న గొడవ ఎప్పుడొచ్చినా నాకు ముందు గుర్తొచ్చేది గూగుల్ లెక్క. 2021లో వాళ్లు ఉద్యోగుల కోసం ఒక కాలిక్యులేటర్ పెట్టారు, ఊరు మారినా, పూర్తిగా ఇంటి నుంచే పనిచేస్తామన్నా జీతం ఎంతవుతుందో ముందే చూసుకోవచ్చు. ఆ లెక్కల్లో కొన్ని ఆగస్టులో రాయిటర్స్ వార్తాసంస్థ ద్వారా బయటికొచ్చాయి. న్యూయార్క్‌కి రైల్లో గంట దూరంలో స్టామ్‌ఫర్డ్ అని ఒక ఊరుంది. అక్కడ ఉంటూ రోజూ న్యూయార్క్ ఆఫీసుకి వెళ్లొచ్చే ఉద్యోగి, ఇకనుంచి ఇంట్లోనే పనిచేసుకుంటానంటే 15 శాతం కోత. అదే ఆఫీసులో పనిచేస్తూ న్యూయార్క్ నగరంలోనే ఉండే కొలీగ్ ఇంటి నుంచి చేస్తే మాత్రం కోత లేదు.

ఇల్లు అదే, ఆ ఇంటి ఖర్చూ అదే, మేనేజరూ మారలేదు, చేసే పనీ మారలేదు. రైలెక్కడం మానేశాడు, అంతే. "ఖర్చు తక్కువ ఉన్న ఊళ్లో ఉంటున్నావు కాబట్టి జీతం తక్కువ" అనే వాదన ఇక్కడ ఎలా నిలబడుతుందో నాకర్థం కాదు, నిన్నటిదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు కదా, అప్పుడు పూర్తి జీతమే ఇచ్చారు కదా. రాకపోకల కష్టానికి డబ్బిస్తున్నామంటే సరే, దాన్ని అలవెన్స్ అని విడిగా చూపించండి, వచ్చినవాళ్లకి ఇవ్వండి. బేసిక్ మీద చెయ్యి వేయడమెందుకు?

అసలు ఉద్యోగి ఇంటి ఖర్చు కంపెనీలకి కోత పెట్టేటప్పుడే గుర్తొస్తుంది. ఆఫీసుకొచ్చేవాళ్లలో సొంతింట్లో హాయిగా ఉండేవాడుంటాడు, జీతంలో సగం అద్దెకి పోసేవాడుంటాడు, ఇద్దరిదీ ఒకే జీతం బ్యాండ్. అద్దె పెరిగింది, ఇంట్లో మందుల ఖర్చుంది, కాస్త పెంచండి అని అడిగి చూడండి, "మేం మార్కెట్ రేటు ఇస్తాం, మీ ఇంటి ఖర్చులతో మాకు సంబంధం లేదు" అంటారు. సంతోషం, ఆ మాట మీదే ఉండండి మరి.

ఉండరు, ఎందుకంటే ఇది సూత్రం కాదు, బేరం. 2020 మేలో ఫేస్‌బుక్ అధినేత జుకర్‌బర్గ్, ఊరు మారినవాళ్ల జీతాలు ఆ ఊరిని బట్టి సవరిస్తామన్నాడు. అదే ఏడాది చర్చల వెబ్‌సైట్ రెడిట్ అమెరికాలో ప్రాంతాలవారీ జీతాలు ఎత్తేసింది. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ అయితే శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, సియాటిల్ వదిలి వెళ్లేవాళ్లకి 20,000 డాలర్లు ఒక్కసారి చేతిలో పెట్టి, జీతం 10 శాతం దాకా తగ్గొచ్చని చెప్పింది. 2022లో బస అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ దేశంలో ఎక్కడున్నా ఒకటే జీతం అంది. ఇవన్నీ ఇంచుమించు ఒకే రకం ఇంజనీర్ల కోసం పోటీపడే కంపెనీలే.

పని మాట చూద్దాం. రాత్రి రెండింటికి ప్రొడక్షన్, అంటే జనం వాడే అసలు సైటు, పడిపోతుంది. ఫోన్ మోగుతుంది, కళ్లు నులుముకుంటూ లాప్‌టాప్ తెరుస్తాం, కంపెనీ నెట్‌వర్క్‌లోకి దారిచ్చే వీపీఎన్ మొదటిసారి ఎలాగూ కనెక్ట్ అవదు, రెండోసారికి లోపలికెళ్లేసరికి కాల్‌లో నలుగురుంటారు, ఒకరి మైక్‌లో ఫ్యాన్ రొద, ఇంకొకరి దగ్గర పసిపిల్ల ఏడుపు, ఎవరో "మ్యూట్ చేసుకోండి బాబూ" అంటారు. సిస్టమ్ రాసుకున్న లాగ్స్ తిరగేసి, సాయంత్రం వెళ్లిన రిలీజ్‌ని వెనక్కి తీసి, సైటు లేచేసరికి తెల్లవారుజాము. ఆ టైంలో అందరూ ఇంటి నుంచే చేశారు, రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లతో సహా. ఆ గంటలకి ఎవరూ కోత లెక్కలు తీయరు, పైగా గ్రూపులో చప్పట్ల ఎమోజీలు. పొద్దున పదింటికి అదే కుర్చీలో అదే లాప్‌టాప్ తెరిస్తే మాత్రం విలువ తగ్గిపోతుందట.

ఇంట్లో ఉంటే సరిగ్గా చేయరనేవాళ్ల కోసం ఒక సంగతి. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు ప్రయోగం చేసింది. ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లలో సరి తేదీన పుట్టినవాళ్లని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, బేసి తేదీవాళ్లని ఆఫీసు నుంచి పనిచేయించారు. ఇంటివాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం బ్రేకులూ సెలవులూ తగ్గి ఎక్కువసేపు పనిచేయడం వల్ల వచ్చిందే. కాల్ సెంటర్లో నిజమైంది ప్రతిచోటా నిజం కానక్కర్లేదు, ఒప్పుకుంటా. కానీ "ఇంట్లో ఉంటే నిద్రపోతారు" అనడానికి ఆధారమేమిటో అవతలివాళ్లు కూడా చూపించాలి కదా.

ఇక "ఉద్యోగులే తక్కువకి ఒప్పుకుంటారు" అనేది. నిజమే, 2017లో మాస్, పలైస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో ఇంటి నుంచి పనిచేసే వీలు కోసం దరఖాస్తుదారులు సగటున 8 శాతం జీతం వదులుకోవడానికి సిద్ధపడ్డారు. మనిషి ఇష్టపడి వదులుకుంటే అది అతనిష్టం. దాన్ని పట్టుకుని "మీ పని విలువే 8 శాతం తక్కువ" అనడం మాత్రం గడుసుతనం. సీటు, కరెంటు, కాఫీ మిగిలింది కంపెనీకే, ఆ లెక్క ఎవరూ ఎత్తరు!

నాకు తిరిగి సమాధానం చెప్పడానికి కష్టమైన వాదన ఒక్కటే ఉంది, కొత్తవాళ్లకి నేర్పించడం. ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద ఇమాన్యుయెల్, హారింగ్టన్, పలైస్ చేసిన పరిశోధనలో, టీమంతా పక్కపక్కనే కూర్చున్నప్పుడు కోడ్ మీద జూనియర్లకి ఎక్కువ కామెంట్లు అందాయి, నేర్పే సీనియర్లు రాసే కోడ్ మాత్రం తగ్గింది. అంటే ఆఫీసులో ఉన్న సీనియర్ తన పని తగ్గించుకుని ఇంకొకరిని తయారు చేస్తున్నాడు. దానికి డబ్బివ్వాల్సిందే. కానీ ఎన్ని ఆఫీసుల్లో ఇస్తున్నారు? అప్రైజల్లో అడిగేది ఎన్ని టికెట్లు, అంటే అప్పగించిన పనులు, మూశావనే. నేర్పడానికి ఇవ్వండి, ఫోన్లోనైనా ఓపిగ్గా నేర్పేవాళ్లకీ ఇవ్వండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూల సీట్లో కూర్చునేవాడికి హాజరు వేసినందుకు ఇవ్వకండి.

నిజానికి నాకు ఆఫర్ లెటర్లో రాసిన కోత మీద అంత కోపం లేదు, అది కనిపిస్తుంది, వద్దనుకుంటే వద్దనొచ్చు. రాయని కోతే పెద్దది. సీట్రిప్‌లోనే, ఒకే పనితీరుకి ఇంటివాళ్లకి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. డెల్ 2024లో పూర్తి రిమోట్ ఎంచుకున్నవాళ్లకి ప్రమోషన్ ఉండదని నేరుగానే చెప్పింది, మిగతాచోట్ల చెప్పరు, అంతే తేడా. 8 శాతం కోత ఏటా 8 శాతమే, రెండు ప్రమోషన్లు తప్పితే ఎంతో మీరే లెక్కేసుకోండి. అందుకే ఎవరైనా రిమోట్ ఆఫర్ చూపించి సలహా అడిగితే, జీతం అంకె కంటే ముందు ఒకటి అడగమంటున్నా: పోయిన రెండేళ్లలో మీ దగ్గర ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో ఎంతమందికి ప్రమోషన్ వచ్చింది, ఆఫీసువాళ్లలో ఎంతమందికి? హెచ్ఆర్ ఆ అంకెలు చెప్పకుండా కల్చర్ గురించి మాట్లాడటం మొదలుపెడితే, అడిగే జీతం ఇంకాస్త పెంచండి.