ఏ50కే కావాలి, బీ50కే కాదు

నాన్నగారి పాత స్టీరియో ఆంప్లిఫైయర్ వాల్యూమ్ తిప్పితే చాలు, గరగరమనేది. ఒక స్పీకర్ ఉండుండి మూగబోయేది. మా విశాఖ పెదవాల్తేరులో సముద్రపు గాలికి ఇనుప గేట్లే ఆగవు, ఇక వాల్యూమ్ పాట్ (పొటెన్షియోమీటర్, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) లోపలి కార్బన్ ట్రాక్ ఎంత? క్లీనర్ కొట్టినా కొన్నాళ్లే.

విప్పితే ఆరు కాళ్ల పాట్. ఒకే షాఫ్ట్ మీద రెండు, ఎడమ ఛానెల్‌కొకటి, కుడికొకటి. వెనక సన్నగా ఏ50కే అని ఉంది.

డాబాగార్డెన్స్‌లో షాపతను బీ50కే చేతిలో పెట్టి, "రెండూ 50కేనే కదండీ" అన్నాడు. కాదండీ! 50కే అంటే 50 కిలో ఓమ్స్, అంతవరకే రెండూ ఒకటి. బీ అంటే లీనియర్, తిప్పినంత మేరకే రెసిస్టెన్స్ సమానంగా మారుతుంది. అది పెడితే కాస్త తిప్పగానే సౌండ్ దాదాపు మొత్తం వచ్చేస్తుంది, మిగతా తిప్పుడంతా దండగ. మన చెవి లాగ్ (లాగరిథమిక్) లెక్కలో, అంటే సౌండ్ ఎన్ని రెట్లు పెరిగిందన్న లెక్కలో వింటుంది కాబట్టి వాల్యూమ్‌కి 'ఏ' రకమే, అంటే లాగ్ పాటే పెడతారు. (పాత యూరప్ పాట్ల మీద 'ఏ' అంటే లీనియర్ కావచ్చు, అదో తలనొప్పి.) అనుమానముంటే షాఫ్ట్ సగానికి తిప్పి, మధ్య కాలికీ గ్రౌండ్ కాలికీ మీటర్ పెట్టండి. లీనియర్ 25 కిలో ఓమ్స్ దగ్గర చూపిస్తుంది, లాగ్ అందులో సగం కూడా చూపించదు.

వైరింగ్ తేలికే. షాఫ్ట్ మనవైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమది గ్రౌండ్, మధ్యది అవుట్‌పుట్, కుడిది ఇన్‌పుట్. చివరివి రెండూ తారుమారైతే పెంచబోతే తగ్గుతుంది.

గరగర పోయింది. పాత నాబ్ మాత్రం కొత్త షాఫ్ట్‌కి పట్టడం లేదు. ప్రస్తుతానికి ప్లయర్‌తో తిప్పుతున్నాం, నాన్నగారికి అది అస్సలు నచ్చలేదు.